మాస్టొడాన్‌లో నేను, బ్లూస్కైలో వాళ్ళు. ఈ మాట అటూ, ఆ మాట ఇటూ వచ్చే దారి ఏమైనా ఉందా?

గటగటా_అంబాజీపేట అడిగారు:

నమస్కారమండి. మాది అంబాజీపేట. నాన్నది కొబ్బరి వ్యాపారం, కొట్లో పద్దులు నేను చూస్తాను. కంప్యూటరు సంగతులు నాకు అంతంత మాత్రం, అందుకే ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంటుంది. విసుక్కోకండి.

రెండేళ్ళుగా మాస్టొడాన్‌లో (ట్విటర్ లాంటి సోషల్ మీడియా) రోజుకో మాట పెడుతున్నాను. కొట్లోనో తోటలోనో కాలవ గట్టు మీదో వినబడే మాటలు. దింపు, ఒలుపు, కురిడీ, గండేరా, పంటు, సరంగు, గెడ, ఇలాంటివి. మాట రాసి, ఎవరి నోట విన్నానో, ఏ సందర్భంలో అన్నారో కింద రెండు ముక్కలు రాస్తాను. ఫాలో అయ్యేవాళ్ళు మూడొందలు కూడా లేరు గానీ ఉన్నవాళ్ళు ఊరుకోరు. తణుకు నుంచి ఒకాయన అయితే మా వైపు ఇలా అనం అని రోజూ పేచీ పెడతారు. ఆ పేచీ కోసమే రాస్తున్నానని కూడా అనుకోవచ్చు.

ఇక అసలు గొడవ. మా మేనత్త కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, బ్లూస్కై వాడతాడు, అదీ అలాంటిదే. నేను పెట్టినవి స్క్రీన్‌షాట్ తీసి అక్కడ పెడుతుంటాడు. పోయిన నెల ‘ముక్కుడు’ పెట్టాడు. కింద ఎవరో “ముక్కుడు అంటే ముక్కిపోయిన కాయ, పారేసే సరుకు” అని తేల్చేశారు. దానికి ముప్పై లైకులు! పారేసేది కాదండీ బాబూ. మా దగ్గర రేట్లు రాసేటప్పుడు నీటికాయ అని వేసి దాని కింద రెండు వరసలు రాస్తాం: పాత (ముక్కుడు), కొత్త (పచ్చి). దింపించాక కొన్నాళ్ళు రాశి పోసి ఉంచిన కాయ అది. వెయ్యి కాయలకి ఇంత అని దానికి వేరే ధర కడతాం. పారేసే సరుకైతే వరస ఎందుకు, ధర ఎందుకు?

బావ రెండ్రోజులయ్యాక తీరిగ్గా వాట్సాప్‌లో ఆ లింకు పంపాడు. అప్పటికే నలభై జవాబులున్నాయి. అందులో రాజోలు వైపు ఆవిడ ఒకరు ఉన్నారు. వాళ్ళ తాతగారు కాలవ మీద పడవ నడిపేవారట, ఆయన వాడిన మాటలు ఏడు రాశారు. మూడు నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. చదవగలిగాను గానీ అడగలేకపోయాను. అక్కడ నాకు ఖాతా లేదు.

తెరవొచ్చు కదా అంటారు. తెరిచాను కూడా. సాయంత్రం లారీ ఎత్తే వేళకి రెండుచోట్లా పెట్టడం, రెండుచోట్లా జవాబులు చూసుకోవడం నా వల్ల కాలేదు, వారంలో మూసేశాను. పైగా అలా చేసినా ఒకే మాట మీద రెండు చర్చలు నడుస్తాయి. ఇక్కడ తణుకాయన అన్నది అక్కడ రాజోలావిడకి చేరదు, ఆవిడ చెప్పింది ఈయనకి చేరదు. వాళ్ళిద్దరూ ఒకచోట పడితే చూడాలని నా ఆశ.

నా మెయిలు ఒక కంపెనీది, మా ఆడిటరు గారిది ఇంకో కంపెనీది. ఉత్తరం ఇబ్బంది లేకుండా వెళ్తోంది. మరి ఈ రెండూ వికేంద్రీకృతం (ఒకే కంపెనీ చేతిలో ఉండవు) అంటూనే ఒకదాని మాట ఒకదానికి ఎందుకు వినపడదు? దారుంటే చెప్పండి. డబ్బులవుతాయా? నాకు తెలియకుండా నావేమైనా బయటికి పోతాయా?

---

కాలవగట్టు జవాబు:

దారి ఉందండి, డబ్బులు అక్కర్లేదు. మాది భీమవరం దగ్గర, హైదరాబాదులో సర్వర్ల పని చేస్తాను. నేను ఇదే దారి వాడుతున్నాను, కాబట్టి ఇబ్బందులు కూడా చెప్తాను.

ముందు ‘ఎందుకు వినపడదు’ సంగతి. రెండూ వికేంద్రీకృతమే, కానీ మాట్లాడే భాష వేరు. మాస్టొడాన్‌ది యాక్టివిటీపబ్, దాన్ని 2018 జనవరిలో డబ్ల్యూ3సీ (వెబ్ పద్ధతులు ఖరారు చేసే సంస్థ) ప్రమాణంగా ప్రకటించింది. బ్లూస్కైది ఏటీ ప్రోటోకాల్. ట్విటర్ 2019 చివర్లో డబ్బు పెట్టి మొదలుపెట్టించిన పని అది, తర్వాత విడి కంపెనీ అయింది. 2024 ఫిబ్రవరిలో పిలుపు లేకుండా ఎవరైనా చేరేలా తలుపులు తీశారు.

మీకు పద్దుల్లో చెప్తే సులువు. యాక్టివిటీపబ్‌లో ప్రతి సర్వరూ ఒక కొట్టు అనుకోండి. మీరు ఒక మాట రాస్తే, మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్ళు ఏయే కొట్లలో ఉన్నారో ఆ కొట్లకి మీ గుమస్తా చీటీ పంపుతాడు. చీటీ అందని కొట్టుకి ఆ సంగతే తెలీదు. ఏటీలో చీటీలుండవు. ఎవరి పద్దు పుస్తకం వాళ్ళది, కానీ బల్ల మీద తెరిచి పెట్టి ఉంటుంది. రిలే అనేది ఊరంతా తిరిగి అందరి పుస్తకాల్లోనూ కొత్తగా రాసింది పోగుచేసుకొస్తుంది. దాన్ని చూసి యాప్‌వ్యూ అనేది ఎవరికి ఏం కనపడాలో బోర్డు మీద రాస్తుంది. ఒకచోట చీటీ, ఒకచోట బోర్డు. అందుకే నేరుగా పొసగదు.

మధ్యలో దుబాసీ పని చేసేది ‘బ్రిడ్జీ ఫెడ్’. రయన్ బారెట్ అనే ప్రోగ్రామరు రాశాడు. అది చీటీని చదివి ఆ పుస్తకంలో రాస్తుంది, ఆ పుస్తకం చూసి ఈ కొట్టుకి చీటీ పంపుతుంది. ధవళేశ్వరం దగ్గర లాకులు చూసే ఉంటారు. పడవ లోపలికొచ్చాక వెనక తలుపు వేసి, నీళ్ళ మట్టం సరిచేసి, ముందు తలుపు తీస్తారు. పడవా అదే, సరుకూ అదే, నీటి మట్టమే వేరు. అలాగన్నమాట.

చేయాల్సింది ఇంతే. మాస్టొడాన్ వెతుకు పెట్టెలో ‘బీఎస్‌కేవై డాట్ బ్రిడ్ డాట్ జీవై’ అనే బాట్ ఖాతా (మనిషి కాదు, ప్రోగ్రామే నడిపేది) వెతకండి (ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి, ముందూ మధ్యలో యాట్ గుర్తుతో అదే పేరు రెండుసార్లు వస్తుంది). ఫాలో కొట్టండి. అది మిమ్మల్ని తిరిగి ఫాలో అవుతుంది, అంతటితో బ్లూస్కైలో మీ పేరున ఒక ఖాతా తయారవుతుంది. మీ ప్రొఫైల్‌కి ఫొటో లేకపోతే ఒప్పుకోదు, కొబ్బరికాయ బొమ్మైనా పెట్టండి. బ్లూస్కైలో ఉన్న మీ బావగారు ‘ఏపీ డాట్ బ్రిడ్ డాట్ జీవై’ ఖాతాని ఫాలో కావాలి. ఈ ఏపీ మన ఆంధ్రప్రదేశ్ కాదు, యాక్టివిటీపబ్.

ఇబ్బందులు. పాత పోస్టులు వెళ్ళవు, ఈ రోజు నుంచి పెట్టేవే. అందరికీ కనపడేలా పెట్టినవే వెళ్తాయి. ఫాలోవర్లకే అని పెట్టినవీ, విడిగా పంపినవీ వెళ్ళవు, కాబట్టి మీకు తెలియకుండా పోతాయన్న టెన్షన్ ఆ మేరకు వద్దు. మాస్టొడాన్‌లో మామూలుగా 500 అక్షరాలు, బ్లూస్కైలో 300. పొడుగైతే అక్కడ తెగిపోయి, మిగతాది చదవడానికి మీ అసలు పోస్టు లింకు వస్తుంది. అయితే ఇందులో మనకో లాభం ఉంది. ‘కో’ అంటే వాళ్ళ లెక్కలో ఒకటే అక్షరం, ఇంగ్లీషులో రాస్తే రెండు. తెలుగులో 300 అంటే తక్కువేం కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది: బ్లూస్కైలో ఆ బాట్‌ని ఫాలో కానివాళ్ళు మీకు జవాబిస్తే ఆ జవాబు మాస్టొడాన్‌కి రాదు. రాజోలావిడ ఒప్పుకుంటేనే ఆవిడ మాట మీకు చేరేది.

---

సఖినేటిపల్లి_రేవు జవాబు:

ఆయ్, కాలవగట్టు గారూ, లాకు పోలిక కుదర్లేదండి. లాకులో కాలవలో ఉన్న ప్రతి పడవా దాటుతుంది. మీరు చెప్పింది మా రేవులో పంటు, మనుషుల్నీ బండ్లనీ అటు గట్టుకి దాటించేది. నరసాపురం వెళ్ళాలంటే ఎక్కినవాడే అటు గట్టున దిగుతాడు. బండి మీదున్నవాడు ఎక్కి, వెనక కూర్చున్నవాడు ఒడ్డున ఆగిపోతే కబుర్లు సగమే దాటతాయి.

---

కాలవగట్టు:

ఒప్పుకున్నాను. పంటే.

---

పాతబ్లాగరు జవాబు:

అమ్మాయీ, ఈమెయిలు పోలిక తెచ్చావు కాబట్టి ఒక ముసలి మాట. మెయిలు ఎలా నడుస్తోందంటే, 1982లో ఎస్‌ఎమ్‌టీపీ అని ఒక పద్ధతి రాసుకున్నారు. తర్వాత వచ్చిన ప్రతి కంపెనీ ఆ పద్ధతికి లొంగాల్సి వచ్చింది. లొంగకపోతే వాడి మెయిలు ఎవడికీ చేరదు. మంచితనం కాదది, గత్యంతరం లేక. సోషల్ మీడియాకి ఆ అవసరం పడలేదు. ఒక్కొక్కడూ తన దొడ్లోకే కోట్ల మందిని తోలుకున్నాడు, ఇక పక్కవాడితో పనేముంది?

పంటు మీద నాకు నమ్మకం తక్కువ. కారణం చెప్తాను. 2005లో గూగుల్ టాక్ వచ్చింది. లోపల ఎక్స్‌ఎమ్‌పీపీ అని, ఎవరైనా వాడుకోగలిగే పద్ధతి. నేను వేరే సర్వరులో ఖాతా పెట్టుకుని జీమెయిల్ వాళ్ళతో కబుర్లు చెప్పేవాణ్ణి. ఇదిరా భవిష్యత్తు అని స్నేహితులకి ఊదరగొట్టాను. 2013లో హ్యాంగౌట్స్ తెచ్చి ఆ తలుపు వేశారు. నా వైపు నుంచి నేను పంపుతూనే ఉన్నాను, అటు నుంచి ఎవరూ పలకడం లేదు. అలిగారేమో అనుకున్నా కొన్నాళ్ళు.

మన తెలుగు బ్లాగుల రోజుల్లో కూడలి ఉండేది, ఉదయం కాఫీతోపాటు అదే తెరిచేవాళ్ళం. ఎవరు ఎక్కడ రాసినా టపా కూడలిలో కనపడేది. కానీ టపా కనపడేదే తప్ప దాని కింది వ్యాఖ్యలు ఎక్కడివక్కడే. పది బ్లాగుల్లో పది పేచీలు. కూడలి వాళ్ళ తప్పు కాదు, దాని వెనకున్న ఆర్‌ఎస్‌ఎస్ అనే పద్ధతి మోసేది టపాలని, సంభాషణని కాదు. నీ బెంగ అప్పటి నుంచీ ఉన్నదే.

నా సలహా: నీ మాటలు ముందు నీ సొంత డొమైన్ మీద పెట్టుకో. బ్లాగులు నడిపే వర్డ్‌ప్రెస్‌కి యాక్టివిటీపబ్ ప్లగిన్ ఉంది. అది వేస్తే నీ బ్లాగునే మాస్టొడాన్ వాళ్ళు ఫాలో కావచ్చు, వాళ్ళ జవాబులు బ్లాగు కింద వ్యాఖ్యలుగా వచ్చి పడతాయి. కూ గుర్తుందా? తెలుగులో రాసుకోవచ్చని ఎంతమంది చేరారు! 2024 జూలైలో మూసేశారు. 2014లో ఆర్కుట్, 2019లో గూగుల్ ప్లస్. నేను మూడింటిలోనూ రాశాను. ఈ వయసులో ఇంకో చోట మొదటి టపా రాయలేను.

డొమైనుకి ఏటా కొంత అవుతుంది, నిజమే. మీ కొట్లో రశీదు పుస్తకాలు అచ్చేయించే ఖర్చు కన్నా ఎక్కువ కాదులే.

---

తలుపు_దగ్గరగా జవాబు:

నేను వేరే మాట చెప్తాను, ఎవరూ కోప్పడొద్దు.

నేను ఒక పెద్ద వేదిక వదిలి చిన్న మాస్టొడాన్ సర్వరుకి వచ్చింది అక్కడ పడిన మాటలు పడలేక. ఆడవాళ్ళు కాలవ నీళ్ళు ఆలస్యంగా వదిలారని రాసినా కింద ఏం రాస్తారో మీకు తెలుసు. ఇక్కడ మా సర్వరు నడిపే ఆవిడ కనిపెట్టుకుని ఉంటుంది. అలాంటి చోటి నుంచి నా మాటల్ని నన్నడక్కుండా ఇంకో పెద్ద సంతలోకి మోసుకెళ్తామంటే నాకు భయం.

2024 ఫిబ్రవరిలో ఈ బ్రిడ్జీ ఫెడ్ మీదే పెద్ద రగడ జరిగింది. మొదట అనుకున్న పద్ధతి ఏమిటంటే, వద్దన్నవాళ్ళని వదిలి మిగతా అందరినీ కలిపేయడం. మాస్టొడాన్ జనం విరుచుకుపడ్డారు. కొంతమంది మరీ హద్దు దాటి తిట్టారు, అదీ తప్పే. చివరికి దాన్ని రాసిన బారెట్ పద్ధతి మార్చాడు. అడిగినవాళ్ళనే కలుపుతాం అన్నాడు. పైన రేవు గారు పంటు అని నవ్వుతూ అన్నారు గానీ, ఎక్కితేనే దాటేలా ఉండటం నా లాంటివాళ్ళు అరిచి తెచ్చుకున్నది.

అందుకని గటగటా గారూ, మీరు ఎక్కండి, తప్పులేదు. కానీ మీ పోస్టు కింద నాలాంటివాళ్ళు రాసింది అటు వైపు కనపడకపోతే దాన్ని ‘లోపం’ అనకండి. స్క్రీన్‌షాట్ తీసి అటు పెట్టొద్దని మీ బావగారికి కూడా చెప్పండి. ఆ ‘ముక్కుడు’ స్క్రీన్‌షాట్‌లో కింద నా జవాబు కూడా ఉందని ఇప్పుడే గుర్తొచ్చింది.

బయటికి రావాలనుకుంటే ఆ బాట్‌ని బ్లాక్ చేస్తే చాలు. కొన్ని సర్వర్ల వాళ్ళు ఆ వంతెన డొమైన్‌ని మొత్తంగా అడ్డుకున్నారు కూడా. మీ సర్వరు అలాంటిదైతే ఫాలో కొట్టినా ఏమీ జరగదు, ముందు నడిపేవాళ్ళని అడగండి.

---

గటగటా_అంబాజీపేట (నాలుగు రోజుల తర్వాత):

తలుపు గారూ, ముందు క్షమాపణ. బావకి ఫోన్ చేశాను, స్క్రీన్‌షాట్ తీసేశాడు. కింద మీ పేరు ఉందన్న ధ్యాసే వాడికి లేదు. నిజం చెప్పాలంటే నాకూ లేదు.

మా సర్వరు వాళ్ళని అడిగాను, అడ్డేం లేదన్నారు. బాట్‌ని ఫాలో అయ్యాను. కొబ్బరికాయ బొమ్మే పెట్టాను (కురిడీ, అంటే లోపల నీరు ఇంకి ఎండిన కాయ). కాసేపటికి తిరిగి ఫాలో అయింది. బావ అటు నుంచి వెతికి నా ఖాతా చూపించాడు. పేరు చూసి నవ్వొచ్చింది: పేరు, చుక్క, సర్వరు, చుక్క, ఏపీ, చుక్క, బ్రిడ్… రైలు పెట్టెల్లా ఉంది. పైగా నా పేరు మధ్యలో ఉన్న అడ్డగీత కింద నుంచి పైకి జరిగింది. డొమైన్ పేర్లలో కింది గీత పనికిరాదట, అందుకని మామూలు గీత చేసేశారు. పరిచయం కింద ఇది వంతెన దాటి వచ్చిన ఖాతా అని ఒక లైను కూడా చేర్చారు. అది నచ్చింది, ఎవరింటికొచ్చారో చెప్పి కూర్చోబెట్టినట్టు.

మొదటి మాట ‘దింపు’ పెట్టాను. దింపు కార్మికుడు అంటే చెట్టెక్కి కాయ దింపేవాడు అని రాశాను. తణుకాయన యథాప్రకారం ఏదో అన్నారు. బావ బ్లూస్కై నుంచి జవాబిచ్చాడు, అది నా మాస్టొడాన్‌లో పడింది! లారీ పక్కన నిలబడి గట్టిగా అరిచాను, ఎత్తేవాళ్ళు బస్తా కింద పెట్టి చూశారు.

కానీ బావ జవాబు చదివితే అర్థం కాలేదు. “అవునండీ, మా అమ్మ కూడా అలాగే అంటుంది” అని ఉంది. ఎవరికి ‘అవునండీ’? నాకైతే వాడు అండీ అనడు. మధ్యలో ఎవరో ఏదో అన్నారు, అది నాకు రాలేదు. ఫోన్‌లో ఒక వైపు మాటలే వింటున్నట్టుంది. ఇంకాసేపటికి బాట్ నుంచి చీటీ లాంటి సందేశం వచ్చింది: ఫలానా వాళ్ళు మీకు జవాబిచ్చారు, వాళ్ళు వంతెన మీద లేరు, చూడాలంటే ఇదిగో లింకు. నొక్కి చూస్తే రాజోలావిడే!

ఆవిడని ఎలా అడగాలి? బావ చేత చెప్పించనా?

---

కాలవగట్టు:

అక్కర్లేదండి. ఆ బాట్‌కే విడిగా సందేశం పెట్టండి, ఆవిడ బ్లూస్కై పేరు ఒక్కటి రాస్తే చాలు. ఫలానా వాళ్ళు మీతో మాట్లాడాలనుకుంటున్నారు, ఇష్టమైతే ఫాలో అవ్వండి అని ఆవిడకి ఒకే ఒక్కసారి కబురు పెడుతుంది. పదేపదే విసిగించదు. ఆవిడ తెలియనివాళ్ళ సందేశాలు రాకుండా పెట్టుకుని ఉంటే చేరకపోవచ్చు, అప్పుడు మీ బావగారే దిక్కు.

ఇంకోటి. సగం సంభాషణ కనపడటం ఎప్పుడూ వంతెన తప్పే కాదు. మాస్టొడాన్‌లో మాస్టొడాన్‌కే ఇలా జరుగుతుంటుంది. తణుకాయన ఒక సర్వరు, మీరొకటి, మూడో మనిషి ఇంకొకటి అనుకోండి. మూడో మనిషి చీటీ మీ కొట్టుకి రాకపోతే మీకు కనపడదు. అనుమానం వచ్చినప్పుడు పోస్టు మీద నొక్కి అది మొదట పుట్టిన సర్వరులో తెరవండి. అక్కడికి చేరిన జవాబులన్నీ ఉంటాయి.

---

సఖినేటిపల్లి_రేవు:

థ్రెడ్స్‌లో (ఇన్‌స్టాగ్రామ్ వాళ్ళ యాప్) మా తమ్ముడున్నాడు. వాడికి కూడా ఈ పంటేనా?

---

కాలవగట్టు:

కాదండి. థ్రెడ్స్ మాట్లాడేది కూడా యాక్టివిటీపబ్బే, 2023 డిసెంబరులో ప్రయోగంగా మొదలుపెట్టారు. మీ తమ్ముడుగారు సెట్టింగుల్లో ఫెడివర్స్‌కి (యాక్టివిటీపబ్ మాట్లాడే సర్వర్లన్నిటికీ కలిపి ఉన్న పేరు) పంచే మీట నొక్కితే, ఆ సౌకర్యం వాళ్ళ ఖాతాకి ఉంటే, మీరు మాస్టొడాన్ నుంచి నేరుగా ఫాలో కావచ్చు. మీట మూసి ఉంటే మీరెంత పిలిచినా పలకరు. వాళ్ళ వైపు నుంచి జవాబులన్నీ సాఫీగా వస్తాయని మాత్రం నేను హామీ ఇవ్వను.

---

పాతబ్లాగరు:

మీట వాళ్ళ చేతిలో ఉందన్నది గమనించు నాయనా. నేను 2013 సంగతి చెప్పిందీ అందుకే.

---

గటగటా_అంబాజీపేట (మూడు వారాల తర్వాత):

చాలామంది ఏమైందని అడుగుతున్నారు.

రాజోలావిడకి కబురు వెళ్ళింది. నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఐదో రోజు ఎక్కారు. ఎక్కీ ఎక్కగానే ‘ముక్కుడు’ గురించి అడిగారు, పారేసే సరుకు అన్నది ఆవిడ కాదట గానీ లైకు కొట్టినవాళ్ళలో ఆవిడా ఉన్నారట. రేట్లు రాసే పుస్తకం పేజీ ఫొటో తీసి పెట్టాను (కొన్నవాళ్ళ పేర్ల మీద వేలు పెట్టి). అటు పోస్టులో తప్పు రాసినాయన అది చూసి తన జవాబు తీసేశారని బావ చెప్పాడు. నాకు ఆ సంగతి నేరుగా తెలిసే దారి లేదు, ఆయన వంతెన మీద లేరు.

పోయిన ఆదివారం ‘గటగటా’ పెట్టాను, కురిడీలో ఒక రకం పేరు. నా పేరు కూడా అదే కాబట్టి దాచుకున్న మాట. రాజోలావిడ బ్లూస్కై నుంచి రాశారు: కురిడీ అటక మీద నెలల తరబడి ఎండి, లోపల నీరు ఇంకిపోయి, కొబ్బరి చిప్ప నుంచి విడిపోతుంది కదా, చెవి దగ్గర పెట్టి ఊపితే గటగట మంటుంది, అందుకేనేమో అని. తణుకాయన (ఈలోపు ఆయనా బాట్‌ని ఫాలో అయ్యారు) మాస్టొడాన్ నుంచి వెంటనే అందుకున్నారు: ఊపితే అన్ని కురిడీలూ చప్పుడు చేస్తాయి, మరి గండేరా కూడా కురిడీలో రకమే, దాన్ని గటగటా అని ఎందుకు అనరు? ఆవిడ దానికి జవాబిచ్చారు. ఆయన మళ్ళీ. పద్దెనిమిది జవాబులు, ఇద్దరూ ఒకే దారంలో. నేను మధ్యలో ఒక్క మాట అనలేదు, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని చదివాను. నాన్నకి చదివి వినిపిస్తే “చప్పుడూ కాదు, పాడూ కాదు, అది సైజు మాట” అని కొట్టిపారేశారు. అది కూడా రాశాను. ఇప్పుడు ఇద్దరూ కలిసి నాన్న మీద పడ్డారు.

అన్నీ కుదిరాయని కాదు. ఆవిడ మొదట రాసిన ఏడు పడవ మాటలు వంతెన ఎక్కకముందువి కాబట్టి ఇటు రాలేదు. ఆవిడ అనుమతి అడిగి ఒక్కొక్కటే నేనే మళ్ళీ పెడుతున్నాను, ఆవిడ తాతగారు చెప్పినవని రాసి. తలుపు గారు నా పోస్టుల కింద రాస్తూనే ఉన్నారు, ఆ జవాబులు బ్లూస్కై వాళ్ళకి కనపడవు. ఒకసారి తణుకాయన తలుపు గారి మాటకి జవాబిస్తే, ఈయన ఎవరితో మాట్లాడుతున్నారని అటువైపు వాళ్ళు అడిగారట. “ఇటు గట్టున ఒకరున్నారు, వాళ్ళకి దాటడం ఇష్టం లేదు” అని రాశాను. ఎవరూ మళ్ళీ అడగలేదు.

పాతబ్లాగరు మావయ్య గారూ, డొమైన్ కొన్నాను. వర్డ్‌ప్రెస్‌లో ఇప్పటికి అరవై మాటలు ఎక్కించాను, మిగతావి ఈ అన్‌సీజన్‌లో. ప్లగిన్ వేసే దగ్గర ఆగాను, మీకు ఫోన్ చేస్తాను.

లారీ వచ్చింది, కాయ లెక్క చూసుకోవాలి. రేపటి మాట ‘గండేరా’. ఎక్కడి నుంచి వచ్చిందో నాన్నకీ తెలీదు, తణుకాయనకీ తెలీదు. తెలిసినవాళ్ళు రాయండి. బ్లూస్కైలో ఉంటే మాత్రం ముందు ఆ బాట్‌ని ఫాలో అయి రాయండి, లేకపోతే మళ్ళీ బావ ‘అవునండీ’ ఒక్కటే నాకు వస్తుంది.